తాళాలాయన అల్లిన టోపీ

మా వీధి చివర నా మందుల షాపు. దాన్ని ఆనుకునే తాళాలాయన షాపు. మధ్య గోడ ఎంత పల్చనిదంటే, అటుపక్క ఆయన తాళంచెవి అరగదీస్తుంటే ఇటుపక్క నా అరల్లో సీసాలు సన్నగా మోగుతుంటాయి. ఆయనకి అసలు పేరొకటి ఉంది, బోర్డు మీద రాసి కూడా ఉంది. కానీ వీధిలో ఎవరూ దాన్ని వాడరు. చిన్నాపెద్దా అందరికీ ఆయన తాళాలాయనే.

మనిషి నెమ్మది. మాట తక్కువ, పని శుభ్రం. తాళంచెవి లోపల మర్చిపోయి తలుపు పడిపోయిన వాళ్ళు ఎంత కంగారుగా పరిగెత్తుకొచ్చినా, ఈయన సంచీ భుజానికి తగిలించుకుని నిమ్మకు నీరెత్తినట్టు నడుస్తాడు. వెళ్ళి తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాడు. సన్నటి కొక్కెం ఒకటి తాళంలోకి పోనిచ్చి, కళ్ళు మూసుకుని, వేళ్ళతోనే వింటాడు. కాసేపటికి తలుపు తెరుచుకుంటుంది. వేరే షాపుల వాళ్ళు తాళంచెవులకి రంగురంగుల ప్లాస్టిక్ తొడుగులు వేసి ఇస్తారు. ఈయన మాత్రం చిన్న రేకుబిళ్ళ మీద గాట్లు కొట్టి తగిలిస్తాడు. పాతకాలపు అలవాటు కాబోలనుకునేవాణ్ణి.

షాపు పైనే కాపురం. భార్య రొట్టెల బేకరీలో పనిచేస్తుంది. కూతురు ఈ కథ జరిగిన చలికాలమే పోస్టాఫీసులో చేరింది, సైకిలు మీద ఉత్తరాలు పంచే ఉద్యోగం. ఇంట్లో నాలుగో మనిషి ఆయన అత్తగారు. మామగారు పోయాక ఆవిడ కూతురి దగ్గరికి వచ్చేసింది. ఆవిణ్ణి మా వీధిలో టోపీలావిడ అంటారు. ఊలు టోపీలు అల్లడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి. రెండేసి రంగుల దారాలు కలిపి, టోపీ చుట్టూ పువ్వులూ, ఆకులూ, మెట్లూ, చుక్కలూ వచ్చేలా అల్లుతుంది. చలి మొదలైందంటే వీధిలో సగం తలల మీద ఆవిడ చేతిపనే కనిపిస్తుంది. నా తల మీదా అదే.

ఆ ఇంట్లో ఒక వింత ఉండేది. అత్తా అల్లుడూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. గొడవేం లేదు. మర్యాదకి లోటు లేదు. ఆవిడ వస్తే ఆయన కుర్చీ ఖాళీ చేస్తాడు, ఆయన భోజనానికి కూర్చుంటే ఆవిడ పక్కకి తప్పుకుంటుంది. మాట మాత్రం నేరుగా నడవదు, మధ్యలో భార్యో కూతురో ఉండాల్సిందే.

"అల్లుడుగారు ఆ కిటికీ మూస్తారేమో అడుగమ్మా," అంటుంది ఆవిడ. అల్లుడుగారు ఆ కిటికీ పక్కనే కూర్చుని ఉంటాడు.

"మూస్తానని చెప్పు. మీ అమ్మగారికి చలేస్తుంటే శాలువా కూడా తెమ్మంటారేమో కనుక్కో," అంటాడు ఆయన.

"నేనేమన్నా పోస్టాఫీసునా మీ ఇద్దరికీ?" అని భార్య విసుక్కునేది. కూతురికి నిజంగానే పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చినప్పుడు, "దీనికి ఇంట్లోనే శిక్షణ అయిపోయింది" అని ఆవిడే నాతో అని నవ్వింది.

పెళ్ళైన దగ్గర్నుంచీ అంతే. ఎందుకో ఎవరూ అడగలేదు. పాతికేళ్ళు అలా గడిచిపోతే అది ఆ ఇంటి పద్ధతి అయిపోయింది.

ఆ ఏడాది ఆవిడ మనవరాలి కోసం టోపీ మొదలుపెట్టింది. పొద్దున్నే మంచులో సైకిలు తొక్కాలి కాబట్టి చెవులు పూర్తిగా కప్పేలా, మామూలు కంటే లోతైన టోపీ. అంచు ముదురు నీలం. దానిపైన తెలుపులో నీలం మెట్లు. ఆపైన అసలు పని, ఆకుపచ్చ నేల మీద ఎర్రటి పువ్వుల పట్టీ. నీలం మెట్లు పూర్తయ్యి పువ్వుల పట్టీ ఎత్తుకుందో లేదో, ఒక ఉదయం ఒళ్ళునొప్పుల మాత్రలకని నా షాపుకి వస్తూ, మెట్టు మీద పేరుకున్న మంచుకి జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. నేనూ తాళాలాయనా చెరోపక్కా పట్టుకుని లేపాం. అంత నొప్పిలోనూ ఆవిడ నాతో, "అల్లుడుగార్ని సంచీ పట్టుకోమనండి, అందులో ఊలుంది, తడుస్తుంది" అంది.

చేతికి సిమెంటు కట్టు పడింది. కట్టు తీశాక కూడా వేళ్ళు మునుపటిలా వంగుతాయో లేదో చూడాలన్నాడు డాక్టరు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆవిడ మొహంలో కళ తప్పింది. టోపీని ఒళ్ళో పెట్టుకుని దానివంకే చూస్తూ కూర్చునేది. పక్కింటావిణ్ణి పూర్తి చేయమందామా అని తాళాలాయన భార్య అడిగితే, "ఒక్కో చేతిది ఒక్కో బిగువు. సగం నాదీ సగం ఆవిడదీ అయితే మధ్యలో నడుం కట్టినట్టుంటుంది," అని కొట్టిపారేసింది.

"పోనీ నేను చెయ్యనా?"

"నువ్వా? స్వెట్టర్ మొదలుపెట్టి జేబురుమాలు దగ్గర ఆపేసిన దానివి."

చలికాలం తాళాలకి గిరాకీ తక్కువ. ఒక మధ్యాహ్నం భార్య బేకరీలో ఉంటే, తాళాలాయనే టీ పెట్టి అత్తగారి గదికి తీసుకెళ్ళాడు. బల్ల మీద పెట్టి చప్పుడు చేయకుండా వచ్చేద్దామనుకున్నాడు. లోపల ఆవిడ ఎడంచేత్తో ఒక సూదీ, పళ్ళ మధ్య ఇంకో సూదీ పట్టుకుని అల్లాలని చూస్తోంది. ఆయన్ని చూసి తత్తరపడింది. సూది జారింది. దాంతోపాటు కుట్లు కొన్ని సూది మీంచి జారిపోయాయి. జారిన కుట్టు ఊరుకోదు, కిందికి కిందికి, అల్లిన వరసల్లోంచి నిచ్చెనలా ఊడుకుంటూ పోతుంది. ఆవిడ కళ్ళ ముందే నీలం మెట్లు ఊడిపోతున్నాయి. పట్టుకోవడానికి చెయ్యి లేదు.

తాళాలాయన జేబులోంచి తాళాలు తెరిచే సన్నటి కొక్కెం తీశాడు. కిటికీ దగ్గర వెలుగులో టోపీని పెట్టుకుని, జారిన కుట్టుని కొక్కెంతో పట్టి, పైనున్న దారాన్ని దాని గుండా లాగాడు. మళ్ళీ పై దారం, మళ్ళీ లాగడం. ఒక్కో మెట్టూ ఎక్కి కుట్టు సూది దాకా వచ్చింది. ఆ తర్వాత రెండోది, మూడోది. ఎవరూ నేర్పలేదు. ఇరుకు చోట దేని వెనక ఏముందో వేళ్ళతో కనుక్కోవడం ఆయనకి రోజూ ఉన్న పనే.

ఆవిడ దగ్గరకొచ్చి చూసింది. మాట చేరవేయడానికి ఎవరైనా ఉన్నారేమోనని తలుపు వైపు చూసింది గానీ అక్కడ ఎవరూ లేరు.

"దారం మెలిపడకుండా ఎత్తారే," అంది నేరుగా ఆయనతోనే.

ఆయన కొక్కెం ఆపాడు. "మెలిపడితే తెలుస్తుందండి, వేలికి గట్టిగా తగుల్తుంది."

"అల్లుతారా?"

అలా మొదలైంది.

మొదట పాత ఊలుండ ఒకటిచ్చి సాధన చేయించింది. తాళాలాయనకి తల ప్రాణం తోకకొచ్చింది. ఇనుముతో పనిచేసిన చెయ్యి కదా, ప్రతి కుట్టూ బోల్టు బిగించినట్టు బిగించేవాడు. రెండు రంగుల అల్లికలో, వాడని రంగు దారం వెనకనుంచి ఊరికే సాగుతూ ఉంటుంది. దాన్ని బిగలాగితే పైన గుడ్డ ముడతలు పడి కుచించుకుపోతుంది. ఆయన అల్లిన మొదటి నమూనా టోపీ కూతురి తలకి పట్టలేదు, టీ కెటిల్‌కి పట్టింది. నిజంగానే కెటిల్‌కి తొడిగారు. టీ వేడి చాలాసేపు నిలబడిందని భార్య మెచ్చుకుంది.

"వెనక దారానికి కాస్త ఊపిరాడనివ్వండి, అల్లుడుగారూ," అనేది ఆవిడ. "రంగు మార్చే ముందు కుట్లని సూది మీద వెడల్పుగా జరపండి. అప్పుడు దారం తనకెంత కావాలో అంతే తీసుకుంటుంది."

పగలు షాపులోనే కూర్చునేవారు. హీటరు పక్కన ఆవిడ కుర్చీ, అరగదీసే యంత్రం పక్కన ఆయన స్టూలు. తాళంచెవి కోసం వచ్చినవాళ్ళు ఆయన చేతిలో ఊలు చూసి తికమకపడేవారు. నేనూ ఊరుకోలేదు. "ఏమయ్యా, తాళాలకి జలుబు చేస్తోందా?" అన్నాను. ఆయన తలెత్తకుండా, "ఆగండి, మధ్యలో ఉన్నాను," అన్నాడు. రెండు చేతుల్లో రెండు దారాలు. కుడిచేతి వేలి మీంచి ఒక రంగు, ఎడంచేతి వేలి మీంచి ఇంకో రంగు. గోడ ఇవతలికి ఆవిడ గొంతు వినిపించేది: "రెండు ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, మూడు ఎరుపు." పాఠం అప్పజెప్పించినట్టు ఉండేది.

పువ్వుల పట్టీ సగానికి వచ్చింది. ఒకరోజు నేనిచ్చిన నొప్పి మాత్ర మత్తుకి ఆవిడ కుర్చీలోనే కునుకు తీసింది. అంతలో ఎవరో తాళం బాగుచేయించుకోవడానికొస్తే తాళాలాయన టోపీ పక్కన పెట్టి లేచాడు. పని ముగించి మళ్ళీ కూర్చుని, దారాలు చేతుల్లోకి తీసుకున్నాడు. వరస ఆయనకి నోటికొచ్చేసింది. ఆవిణ్ణి లేపడమెందుకని అల్లుకుంటూ పోయాడు. ఆవిడ లేచేసరికి చాలా ముందుకి వెళ్ళిపోయాడు.

ఆవిడ టోపీ అందుకుని, చూసి, బల్ల మీద పెట్టేసింది. కింది సగంలో ఆకుపచ్చ మీద ఎర్ర పువ్వులు. పై సగంలో ఎరుపు మీద ఆకుపచ్చ పువ్వులు. ఒకే పువ్వు కింద ఎర్రగా, పైన పచ్చగా.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మాట మళ్ళీ పాత దారి పట్టింది.

"అల్లుడుగారికి ఇష్టం లేకపోతే మానెయ్యమని చెప్పమ్మా. వెక్కిరించక్కర్లేదు."

"వెక్కిరించడమేమిటమ్మా?"

"చిన్నపిల్లాడిక్కూడా తెలుస్తుంది ఎరుపేదో ఆకుపచ్చేదో. ముసలిదానితో పరాచికాలు."

తాళాలాయన టోపీని దీపం కిందకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పాడు. భార్య ఏదో అనబోతే చేత్తో వారించాడు. కూతురు చెంచా కింద పెట్టేసింది. ఆయన అత్తగారి వైపు తిరిగాడు.

"నాకు తెలీదండి," అన్నాడు.

"ఏం తెలీదు?"

"ఎరుపూ ఆకుపచ్చా. రెండూ నాకు ఒకేలా ఉంటాయి. తడిసిన మట్టి ఉంటుంది చూడండి, అలా. పుట్టినప్పట్నుంచీ అంతే. కుడిచేతిలో ఎరుపని గుర్తుపెట్టుకుని అల్లుతున్నాను. లేచొచ్చాక దారాలు చేతులు మారినట్టున్నాయి."

ఆయన మొదలుపెట్టాడు కాబట్టి పూర్తిగా చెప్పేశాడు. కుర్రతనంలో రైలు నడపాలని ఆయనకి పిచ్చి కోరిక. రాతపరీక్ష గట్టెక్కాడు. వాళ్ళ నాన్న వీధంతా మిఠాయి పంచేశాడు. తర్వాత కళ్ళ పరీక్షలో చుక్కల బొమ్మలు చూపించి, ఏ అంకె కనిపిస్తోందని అడిగారు. ఈయనకి చుక్కలు తప్ప ఏమీ కనిపించలేదు. వెనక్కి పంపేశారు. ఆ తర్వాత చాలాకాలం, ఎదురైన ప్రతివాడూ చొక్కా చూపించి ఇదేం రంగు అని అడిగి నవ్వేవాడు. అప్పట్నుంచి ఆ సంగతి నోట రానివ్వలేదు. పెళ్ళయ్యాక భార్య కనిపెట్టింది, ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాడు.

ఆవిడ కంచం పక్కకి జరిపింది. "అయితే మీరు పెళ్ళిచూపులకి మా ఇంటికి వచ్చినప్పుడు..." అంది.

"ఏమన్నానండీ?"

"మా అమ్మాయికి నేను ఆకుపచ్చ స్వెట్టర్ అల్లాను. ఆ చలికాలమంతా కూర్చుని అల్లాను. మీరు దాన్ని చూసి, ఎర్ర స్వెట్టర్ బావుందన్నారు."

"అన్నానా?"

"అన్నారు. మా చుట్టాలంతా మొహాలు చూసుకున్నారు. నా పనిని కన్నెత్తి చూడను కూడా చూడలేదు, నోటికొచ్చింది అనేశాడు, పెడసరం మనిషి అనుకున్నాను. సరే, పిల్ల ఇష్టపడింది, చేసుకోనీ అనుకున్నాను. నేను మాత్రం..." ఆవిడ ఆగిపోయింది.

"బావుందని మాత్రం నిజంగానే అన్నానండి," అన్నాడు తాళాలాయన.

మనవరాలికి ముందు నవ్వొచ్చింది. చేత్తో నోరు మూసుకుంది గానీ ఆగలేదు. ఆవిడ కోపమంతా తన కూతురి మీదికి మళ్ళింది. "నీకు తెలుసు కదే. ఒక్క మాట నా చెవిన వేసి ఉంటే ఏం పోయేది?"

"మాటిచ్చానమ్మా. అయినా నువ్వెప్పుడన్నా అడిగావా, ఆయనంటే నీకెందుకు పడదో ఎప్పుడన్నా చెప్పావా?"

ఆవిడ లేచి, ఎడంచేత్తోనే అల్లుడి ముందున్న గ్లాసులో మంచినీళ్ళు పోసి, తన గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడే షాపులోకి దిగొచ్చింది. "తప్పల్లిన వరసలు విప్పుదాం రండి," అంది. ఆయన దారం చివర అందుకున్నాక, ఏదో తోచి అడిగింది. "ఈ పట్టీ మీకెలా కనిపిస్తోంది?"

"పట్టీలానే. ఒకటే రంగు. పువ్వులున్నాయని మీరంటే నమ్మడమే."

"మరి కింద, నీలం మెట్లు?"

"అవి శుభ్రంగా కనిపిస్తున్నాయండి. వీధవతల నుంచి చూసినా కనిపిస్తాయి."

ఆవిడ టోపీని షాపు తలుపు కొక్కేనికి తగిలించమంది. వీధి దాటి అవతలి గట్టు మీద నిలబడి, కళ్ళు చికిలించి చూసింది. నేను షాపులోంచి ఇదంతా చూస్తూ, ఈవిడకేమైందా అనుకున్నాను. ఆవిడ నన్నూ పిలిచి చూడమంది. నీలం మెట్లు స్పష్టంగా ఉన్నాయి. పువ్వుల పట్టీ మాత్రం దూరం నుంచి ఏదో ముదురు మసకలా ఉంది.

"ఆయనన్నది నిజమే," అంది. "రెండూ ఒకే ముదురువి. చేతిలో పెట్టుకుని చూసేదాన్ని కాబట్టి నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు." వెనక్కి వచ్చి, "మొత్తం పట్టీ విప్పెయ్యండి. ఆకుపచ్చ తీసేసి మీగడరంగు వేద్దాం," అంది.

తాళాలాయన ప్రాణం ఉసూరుమంది. "మీరల్లిన వరసలు కూడానా? అవి బాగానే ఉన్నాయి కదండీ."

"బాగున్నవే. బాగున్నవి ఇంకా బాగుంటాయి. లాగండి."

ఆయన లాగుతుంటే దారం గలగలా వచ్చేసింది. ఆవిడ సిమెంటు కట్టున్న చేతిని కండెలా నిలబెట్టి, దానిచుట్టూ ఎడంచేత్తో ఊలు చుట్టుకుంది. కట్టు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చిందంది. ఆ పూటంతా ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు. రైలు గురించి, మామగారి గురించి, తాళాలు ఎలా పనిచేస్తాయన్న దాని గురించి. గోడ ఇవతల నాకు మాటలు పూర్తిగా వినపడలేదు గానీ, గొంతులు ఆగలేదు.

కొత్త పట్టీ చకచకా సాగింది. మీగడరంగు నేల మీద ఎర్ర పువ్వులు ఆయనకి ముదురు పువ్వుల్లా కనిపించేవి, అది చాలు. ఆవిడ ఇప్పుడు ఒక్కో కుట్టూ చెప్పాల్సిన పని లేదు. నడినెత్తి దగ్గరకొచ్చేసరికి రెండేసి కుట్లు కలుపుతూ టోపీని మూయాలి. అక్కడ మాత్రం ఆవిడ ఆయన మోచెయ్యి పక్కనే కూర్చుంది. చివర మిగిలిన కుట్ల గుండా దారం పోనిచ్చి, లాగి, ముడివేయడం ఆయన వంతు. బిగించడంలో ఆయనకి ఎవరి సలహా అక్కర్లేకపోయింది.

అమ్మాయి దాన్ని పెట్టుకుని పనిలోకి వెళ్ళిన రోజు బాగా మంచు పడుతోంది. చెవులు పూర్తిగా మూసుకున్నాయి. ఆవిడ అల్లిన కింది భాగానికీ, ఆయన అల్లిన పై భాగానికీ బిగువులో తేడా ఉంది, దగ్గర్నుంచి చూస్తే చిన్న గీతలా తెలుస్తుంది. ఆవిడ భయపడినంత లేదు గానీ, ఉంది. ఎవరల్లారని పోస్టాఫీసులో అడిగితే, "కింద అమ్మమ్మ, పైన నాన్న," అని చెప్పిందట. వాళ్ళు జోకనుకున్నారట.

కట్టు తీశారు. డాక్టరు అనుమానపడినట్టే ఆవిడ వేళ్ళు పూర్తిగా వంగలేదు. కప్పు పట్టుకోగలదు, జుట్టు దువ్వుకోగలదు, కానీ సూది పట్టుకుంటే కాసేపటికే చెయ్యి మొద్దుబారిపోతుంది. కొన్నాళ్ళు ఆ బెంగ మొహంలో కనిపించింది. ఇప్పుడు పువ్వులూ గళ్ళూ ఆవిడ చెప్తుంది, ఆయన అల్లుతాడు. ఏ రంగు పక్కన ఏ రంగు అన్నది ఇద్దరూ వాదించుకుని తేలుస్తారు. ఆవిడ మొండిది, ఆయన నెమ్మదిగా మొండివాడు. ఒక్కోసారి పెళుసుగా మాటామాటా అనుకుంటారు కూడా. "ఇదివరకే హాయిగా ఉండేది, నాకు కాస్త మాట్లాడే సందుండేది," అంటుంది భార్య.

ఆ చలికాలం చివర్లో అత్తగారికి జలుబు చేసి మంచం దిగలేదు. భార్య కోసం మొదలుపెట్టిన టోపీకి ఊలు అయిపోయింది. ఊలు కొనడానికి ఎప్పుడూ ఆవిడే వెళ్ళేది, ఆయనెప్పుడూ ఆ షాపు గడప తొక్కలేదు. ఆ రోజు నేను అటువైపే వెళ్తుంటే, ఆయన నాతో కలిసి నడిచాడు. షాపు నిండా గోడల పొడుగునా అరలు, అరల నిండా ఊలుండలు. తాళాలాయన గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. లోపల ఇంకా చాలామంది ఉన్నారు, మా వీధివాళ్ళు కూడా ఉన్నారు.

కౌంటరు దగ్గర అమ్మాయి, "ఏం కావాలండీ?" అంది.

"ఎరుపు కావాలమ్మా. నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలీదు. నువ్వే చూసి ఇవ్వాలి," అన్నాడు, అందరికీ వినపడేట్టు, తాళం రేటు చెప్పినంత మామూలుగా.

పక్కనున్న ఒకావిడ తలతిప్పి చూసింది. ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి నాలుగైదు ఉండలు తెచ్చి కౌంటరు మీద వరసగా పెట్టి, ఏది ముదురో ఏది లేతో చెప్పింది. ఆయన తను తెచ్చిన మీగడరంగు ముక్కని ఒక్కోదాని పక్కనా పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. తీరిగ్గా చూశాడు. నాకు ఆలస్యమవుతున్నా ఆగాను. చివరికి ఒకటి తీసుకుని, "ఇది," అన్నాడు.